బావ ‘చాలు’ అన్న ఏడాది

పోయిన ఆదివారం పొద్దున మా బావ మనవరాలు ఒక టీషర్టు తెచ్చి నా బల్ల మీద పరిచింది. నీలిరంగు పాలిస్టర్ గుడ్డ. వీపు మీద తెల్లటి తెలుగు అక్షరాల్లో ఒకే ఒక్క మాట, ‘చాలు’. సూరత్ పాండేసరలో ఒక రంగుల మిల్లు ప్రయోగశాలలో ఉద్యోగకాలమంతా గడిపినవాణ్ని కనక, అలవాటుకొద్దీ నా చేయి ముందు తడి నూలుగుడ్డను అందుకుంది. ఆ అచ్చు మీద పది సార్లు రుద్ది చూశాను. గుడ్డకు ఏమీ అంటలేదు. “అచ్చు గట్టిదే,” అన్నాను. “అచ్చు కాదు చిన్నతాతా, మాట పక్కానా కాదా చెప్పు. తాత చెప్పిన స్టోరీ సచ్చీ హై క్యా? నువ్వు హా అంటేనే టీమ్ మొత్తానికి ప్రింట్ కొట్టిస్త,” అంది ఆ పిల్ల. ఈ ఏడే కాలేజీలో చేరింది. బాస్కెట్‌బాల్ జట్టులో చోటు దొరికింది.

ఆమె తాత నా మేనమామ కొడుకు, నాకంటే రెండేళ్లు పెద్ద. అరవై ఏళ్ల పైమాట, ఇదే సూరత్‌లో ఒక కాలేజీ జట్టుకు ఆయన కెప్టెన్. మనవరాలికి ఆయన చెప్పిన కథ ఇది: ఆ ఏటి ఆఖరి మ్యాచ్‌లో అర నిమిషం కూడా మిగలని సమయాన తాను గుజరాతీలో ‘చాలు’ అని గర్జించాడట, ఆ గర్జనకు జట్టు పూనకం వచ్చినట్టు లేచి గెలిచిందట. గుజరాతీలో ఆ మాటకు నడుస్తోంది, సాగనీ అని అర్థం. ఫ్యాను చాలు అంటే తిరుగుతోందని. దుకాణం చాలు అంటే తెరిచి ఉందని. తెలుగులో దాని అర్థం మీకు చెప్పనక్కరలేదు. ఆ మ్యాచ్‌కు స్కోరు పుస్తకం రాసింది నేను. బావ ఆ మాట ఏ భాషలో అన్నాడో నాకు తెలుసునని అప్పటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను. తెలియడం, తెలుసుననుకోవడం ఒకటి కావని నా వృత్తి నాకు నేర్పింది కనక, జరిగింది జరిగినట్టు రాసి, దేనికి ఆధారం ఉందో దేనికి లేదో అక్కడికక్కడే చెబుతాను.

నేను కరీంనగర్ జిల్లా నుంచి బి.ఎస్సీ. చదవడానికి సూరత్‌లో మామయ్య ఇంటికి వచ్చాను. అప్పటికి అక్కడ మన నేతవాళ్ల ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. కతర్‌గామ్ వైపు ఒక సందులో కింద షెడ్డు, పైన ఇల్లు. షెడ్డులో నాలుగు కరెంటు మగ్గాలు. అవి నడుస్తున్నంతసేపూ పై అంతస్తులో నేల సన్నగా వణికేది. కంచంలో పోసుకున్న పచ్చిపులుసు మీద వలయాలు లేచేవి. వాటిని చూసి కింద ఎన్ని మగ్గాలు నడుస్తున్నాయో చెప్పవచ్చునని నేను మొదటి వారంలోనే ఒక సిద్ధాంతం చేశాను. రెండో వారంలో అది తప్పని తేలింది. ఆ ఇంట్లో ఎవరూ మెల్లగా మాట్లాడరు. అత్త ఉప్పు అందుకోమన్నా పొలిమేర అవతలి మనిషిని పిలిచినట్టే ఉండేది. మొదట్లో నన్ను తిడుతున్నారనుకుని బెంగపడ్డాను. నిజంగా తిట్టదలచుకున్నప్పుడు మాత్రం మామయ్య గొంతు తగ్గించేవాడు.

బావ పదేళ్ల వయసులో సూరత్ వచ్చినవాడు. గుజరాతీ మాకంటే బాగా, తెలుగు మాలాగే మాట్లాడేవాడు. అతనికి లెక్కల మేష్టారు కావాలని ఉండేది. మగ్గం పక్క గోడంతా బొగ్గుతో వేసిన సమీకరణాలు. పోగు తెగితే అతికి, మళ్లీ ఆ గోడ దగ్గరికి వెళ్లి ఆపిన చోటి నుంచి లెక్క అందుకునేవాడు. ఇది నేను కళ్లారా చూసింది. అయితే కాలేజీ వదిలాక అతను బాస్కెట్‌బాల్ సాధనకు ఉండిపోతే సాయంత్రం రెండు మగ్గాలు ఊరికే నిలబడేవి. మామయ్య ఒక్కడే నాలుగింటినీ చూసుకోలేడు. ఆటంటే ఏమిటో చూసి రమ్మని ఒకసారి నన్నే పంపి, నేను వచ్చి వర్ణించిందంతా శ్రద్ధగా విని, కొడుకును పిలిచాడు. “అడుగు లేని బుట్టల బంతి ఏస్తే ఏం నిలుస్తదిరా?” అని అడిగాడు. “నిలవద్దనే గద బాపూ ఏసేది,” అన్నాడు బావ. మామయ్య గొంతు తగ్గింది. “ఇను. గెలిచినన్ని దినాలు ఆడు. ఏ దినం ఓడితే ఆ తెల్లారి నుంచి రెండు మగ్గాలు నీయి. కాలేజీ బంద్. నాకు ఉన్నయి రెండు చేతులే.” అది బెదిరింపు కాదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ ఏడు మా జట్టు ఆడవలసినవి, గెలుస్తూ పోతే, ఏడు మ్యాచ్‌లు. ఒక్కటి ఓడినా బావ చదువు అక్కడితో సరి.

ఆటలో నాకు నైపుణ్యం ఏమీ లేదు. బంతి నా వైపు వస్తే పక్కకు తప్పుకోవడమే వివేకమనుకునేవాణ్ని. అయినా జట్టులో చేరాను. అది ఎలాగంటే, మొదటి మ్యాచ్ నాడు జనంలో కూర్చుని నా నోట్‌బుక్‌లో ఊరికే పాయింట్లు రాసుకుంటున్నాను. మా వాళ్లు గెలిచాక బల్ల దగ్గరున్నవాళ్లు ప్రకటించిన స్కోరులో మాకు ఒక పాయింటు ఎక్కువ పడింది. లేచి ఆ మాట చెప్పాను. గెలుపుకు ఢోకా లేదు కాని, మా జట్టులో ఐదుగురు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. “సొంత బామ్మర్దివి అనుకుంటిని గదరా,” అన్నాడు బావ. మా ఆటల మాస్టారిని అందరూ సాహెబ్ అనేవారు. ఆయన నా నోట్‌బుక్ తిరగేసి, ఇకనుంచి స్కోరు బల్ల నాదేనన్నారు. అవతలి జట్లు వచ్చి ఫిర్యాదు చేసే అవకాశమే ఉండదని ఆయన లెక్క. అది సరైన లెక్కేనని తర్వాత ఆరు మ్యాచ్‌లూ రుజువు చేశాయి.

మా కోర్టు మట్టిది. సాయంత్రం నాలుగింటికి నీళ్లు చల్లి, సున్నంతో గీతలు దిద్దేవారు. తడిమట్టి వాసన, తాపీ నది మీదుగా వచ్చే గాలి, కాన్వాసు బూట్ల రబ్బరు వాసన కలిసి ఒక ప్రత్యేకమైన వాసన ఉండేది, ఇంకెక్కడా అది నాకు ఎదురుకాలేదు. బావ పొడగరి కాదు. అతని బలమంతా పాసులో ఉంది. ఒక వైపు చూస్తూ ఇంకో వైపు విసిరేవాడు. ఆ విసురుకు జట్టులో ‘నాడె’ అని పేరు పెట్టాడు, మగ్గంలో ఇటూ అటూ పరుగెత్తే నాడె జ్ఞాపకంగా. మగ్గం మీద పనిచేసినందువల్లే తనకు ఆ విద్య అబ్బిందని ఈనాటికీ అంటాడు. నేను ఒప్పుకోను. నాడెకు ఉన్నవి రెండే దిక్కులు, బావ పాసుకు అవి ఎన్నో విసిరేవాడికే తెలియదు. ఇంకో మాట కూడా అనేవాడు: మగ్గం చప్పుడు విని ఎక్కడ పోగు తెగిందో చెప్పినట్టే, బంతి చప్పుడు విని గాలి సరిపోయిందో లేదో చెప్పగలనని. దీన్ని పరీక్షించాను. బావ కళ్లకు తువ్వాలు కట్టి, సైకిల్ పంపుతో ఒకసారి గాలి ఎక్కువా ఒకసారి తక్కువా చేసి, ఐదు సార్లు నేలకు కొట్టాను. నాలుగు సార్లు సరిగ్గా చెప్పాడు. ఐదోసారి తాను చెప్పిందే సరి, పంపే తప్పు అని వాదించాడు. అదృష్టంతోనూ నాలుగు రావచ్చు కనక, ఆ విషయం తేలలేదనే నా పుస్తకంలో రాసుకున్నాను.

గెలుస్తూ పోయాం. నవసారి వెళ్లి గెలిచాం, భరూచ్ వెళ్లి గెలిచాం. రైలులో తిరిగి వస్తూ వేరుశనగలు ఒలుచుకు తింటూ ప్రతి బుట్టనూ మళ్లీ ఒకసారి వేసేవాళ్లం. మాటల్లో వేసినప్పుడు అవి కోర్టులో వేసిన వాటికంటే ఎక్కువయ్యేవి, నేను పుస్తకం తెరవగానే మళ్లీ తగ్గేవి. ఒక మ్యాచ్ రోజున మగ్గాన్ని తిప్పే తోలు పటకా తెగి, బావ రెండో సగానికి గాని రాలేకపోయాడు. తలనిండా దూదిపొట్టుతో, ముసలివాడి వేషం వేసినట్టు కోర్టులో దిగాడు. అవతలి జట్టువాళ్లు నవ్వి, ఆ నవ్వు మరిచేలోపు వెనకబడ్డారు. మ్యాచ్ గెలిచి ఇంటికి వస్తే, మెట్ల మీద కొడుకు అడుగుల చప్పుడు విని గెలుపో ఓటమో చెప్పేయగలనని అత్త అనేది. ప్రతిసారీ సరిగ్గానే చెప్పింది. ఆ ఏడు ఓటమే లేదు కనక, పోల్చి చూడడానికి నాకు వీలు చిక్కలేదు. ఆ మాట అత్తతో అంటే, “నీకు అన్నం పెడితె గూడ గింజలు లెక్కబెట్టి నమ్ముతవు,” అని ఇంకో గరిటె వడ్డించింది.

వడ్డన దగ్గరే అసలు సంగతి మొదలైంది. మా జట్టులో బుట్టలు ఎక్కువ వేసేవాడు ఒక జరీ వ్యాపారి కొడుకు. పేరుకు బదులు అందరమూ అతన్ని జరీభాయ్ అనే పిలిచేవాళ్లం. నోటినిండా సూరతీ తిట్లు, మనసునిండా స్నేహం. ఐదో మ్యాచ్ గెలిచిన సంతోషంలో మమ్మల్ని ఇంటికి భోజనానికి పిలిచాడు. చలికాలం, వాళ్లమ్మ ఊంధియు చేసింది. కందగడ్డలు, చిక్కుళ్లు, మెంతిముద్దలు నూనెలో మునిగి ఉండే కూర అది. బావ రెండుసార్లు వడ్డించుకుని, మూడోసారి కంచం మీద చేయి అడ్డుపెట్టి “చాలు, చాలు” అన్నాడు. ఆవిడ ముఖం వెలిగిపోయింది. వేళ్ల సందుల్లోంచి వడ్డించింది. బావ కంగారులో గొంతు పెంచి “చాలు” అన్నాడు. ఆవిడ ఇంకా సంతోషపడి ఇంకా వడ్డించింది. అన్నేళ్లు గుజరాతీ మాట్లాడినవాడికి ఆ క్షణాన ‘బస్’ అన్న మాట గుర్తుకు రాలేదు. నిండిన కడుపు మాతృభాషలోనే మాట్లాడుతుందేమో. చివరికి జరీభాయ్ విషయం గ్రహించి నేల మీద దొర్లి నవ్వాడు. తర్వాత ఆలోచిస్తే నాకు ఒక అనుమానం వచ్చింది: సూరతీ తల్లి మూడో వడ్డనకు ఆ మాటే కావాలా, ఏ మాటన్నా ఆగేది కాదేమో. మర్నాడు సాహెబ్‌కు ఈ కథ చేరింది. ఆయన నవ్వలేదు. కోర్టులో ఆ మాట ఎవరూ అనకూడదని, ఆపాలంటే బస్ అనాలని కట్టడి చేశారు. “ఒకరు ఆగమంటే ఇంకొకరు పరుగెత్తే జట్టు నాకొద్దు,” అన్నారు.

ఏడో మ్యాచ్ మా కోర్టులోనే. అది మా సందులో వారానికొకసారి కరెంటు ఆపి మగ్గాలకు సెలవిచ్చే రోజు. మొదటి సగం అయ్యేసరికి గోడ పక్కన, జనానికి కొంచెం ఎడంగా, మామయ్య నిలబడి ఉన్నాడు. సైకిల్‌ను గోడకు ఆనించి, ఒక చేయి దాని సీటు మీదే ఉంచాడు. చూసి వెళ్లిపోదామని వచ్చినవాడిలా. బావ కూడా చూశాడు. ఆ తర్వాత అతను వేసిన రెండు పాసులు ఎవరికీ అందలేదు. నా పుస్తకంలో ఆ రెండూ ఉన్నాయి. ఆధిక్యం కరిగిపోతూ వచ్చింది. అర నిమిషం లోపు మిగిలి ఉండగా మేము ముప్పై ఎనిమిది, వాళ్లు ముప్పై ఏడు. బంతి జరీభాయ్ చేతిలో. అతను చేయవలసింది ఒక్కటే, బంతిని పోనివ్వకుండా అటూ ఇటూ తిప్పుతూ కాలం గడపడం. బుట్టకు గురిపెట్టి తప్పితే బంతి వాళ్ల చేతికి పోతుంది, దాంతోపాటు మ్యాచ్, దాంతోపాటు బావ కాలేజీ. జరీభాయ్ కళ్లు బుట్ట మీదికి లేచాయి. అది గమనించి బావ కోర్టు అవతలి కొస నుంచి అరిచాడు: “చాలు.” నాలుగు మగ్గాల చప్పుడు మీంచి మాట్లాడే అలవాటున్న గొంతు అది. కోర్టంతా వినిపించింది. జరీభాయ్ ఒక్క అడుగు ముందుకు వేసి బంతిని బుట్టలో వేశాడు.

నలభై, ముప్పై ఏడు. మా వాళ్లు సంబరంలో చేతులెత్తి ఉండగానే అవతలివాళ్లు బంతి తీసుకుని పరుగెత్తి రెండు పాయింట్లు తెచ్చుకున్నారు. ఈల మోగింది. నలభై, ముప్పై తొమ్మిది. నేను రెండుసార్లు కూడి, మూడోసారి కింద నుంచి పైకి కూడి, అప్పుడు సంతకం చేశాను. బల్ల మీంచి తల ఎత్తేసరికి మా వాళ్లు బావను భుజాల మీదికి ఎత్తుకుని ఉన్నారు, సాహెబ్ తన ఈలను ఎక్కడో పారేసుకుని వెతుక్కుంటున్నారు.

మామయ్య జనంలోంచి నడిచి వచ్చాడు. భుజాల మీంచి బావ దిగాడు. అందరూ కొంచెం పక్కకు జరిగారు. మామయ్య గొంతు తగ్గించి మాట్లాడాడు. “ఆట మంచిగున్నది. నీ నోటితోనే చాలంటివి. నేనింటి. ఆట చాలంటివా, కాలేజీ గూడ చాలా?” గెలిచినా చదువు ఆపించడానికి తన మాటే సాక్ష్యమవుతుందని బావ అనుకుని ఉండడు. పక్కన జరీభాయ్ ఉన్నాడు. తెలుగు ముక్క రానివాడు. ఆ వాక్యాలన్నింటిలో అతనికి తెలిసిన మాట ఒక్కటే వినిపించింది. చెమటలు తుడుచుకుంటూ, ఎంతో మర్యాదగా తలాడించి, “హా కాకా, చాలు. ఏక్‌దమ్ చాలు,” అన్నాడు.

మామయ్య అతని వైపు తిరిగాడు. మామయ్యకు ఆ మాట తెలియకపోవడమేమిటి. రోజూ పొద్దున పక్క షెడ్డువాణ్ని కరెంటు వచ్చిందా అని అడిగేది ఆ మాటతోనే. అతని మీసం కింద ఏదో కదిలింది. “ఇంటోడు చాలంటున్నడు, బయటోడు చాలు అంటున్నడు. ఎవని మాట ఇనాలెరా?” అని కొడుకును అడిగాడు. “వాని మాటే ఇను బాపూ,” అన్నాడు బావ. “గట్లనే. చాలు,” అని మామయ్య గుజరాతీలో అని సైకిల్ వైపు తిరిగాడు. బావ వెనకే నాలుగడుగులు వేసి, “బాపూ, ఓడితే?” అని అడిగాడు. మామయ్య వెనక్కి చూడకుండానే, “ఓడినా చాలు,” అన్నాడు.

తరువాతి ఏడు మా జట్టు మొదటి మ్యాచ్‌లోనే ఓడింది. ఆ పూట భోజనాల దగ్గర మామయ్య ఆ పాత షరతు ఎత్తలేదు. పచ్చిపులుసు పోసుకుంటూ “అడుగు లేని బుట్ట గద,” అని మాత్రం అన్నాడు, అందరం పడి పడి నవ్వాం. ఆ రెండు మగ్గాలను పొద్దున బావ, నేను వంతులు వేసుకుని నడిపాం. బావ డిగ్రీ పూర్తిచేసి, ఇక్కడి తెలుగు పిల్లల బడిలో లెక్కల మేష్టారు అయ్యాడు. వరాఛా నుంచి పాండేసర దాకా ఈ ఊళ్లో ఏ సందులో నడిచినా ఎవరో ఒకరు స్కూటర్ ఆపి ఆయనకు నమస్కారం పెడతారు. ఇది మాత్రం లెక్కపెట్టకుండానే నమ్ముతాను.

మనవరాలి ముందు పెట్టె తీసి ఆ స్కోరు పుస్తకం చూపించాను. కాగితం గోధుమరంగుకు తిరిగింది కాని పెన్సిల్ రాత నిలిచింది. జరీభాయ్ ఆఖరి బుట్ట పక్కన, అంచులో, నా చేత్తో ‘చాలు’ అని రాసి ఉంది. “ఇగో, ప్రూఫ్ ఉంది గదా,” అంది ఆ పిల్ల. ఆ మాట అన్నాడనడానికి రుజువే. ఏ భాషలో అన్నాడనడానికి కాదు. తెలుగు అక్షరాల్లో రెండు మాటలూ ఒక్కలాగే ఉంటాయి. ఆ రోజు పక్కన అర్థం రాసుకోవాలని తోచలేదు; నా లెక్కల్లో దిద్దుకోలేకపోయిన మొదటి తప్పు అదే. ఆమె తాతకు ఫోన్ కలిపి బల్ల మీద పెట్టింది. బావ చెవులు మగ్గాల వల్ల ఎప్పుడో మందగించాయి కనక ఇద్దరం అరుచుకున్నాం.

“బావా, నువ్వు ఆపుమన్నవు. నీ గొంతుల భయం నాకు యాదికున్నది.”

“గుజరాతీల అన్ననురా బామ్మర్దీ. ఆపితె గెలుస్తుంటిమా?”

“ఆపినా గెలుస్తుంటిమేమో. బంతి మన చేతులనే ఉన్నది గద. చెప్పలేం.”

“అరవై ఏండ్లాయె, ఇంకా చెప్పలేవా? ఇగ ఎన్నడు చెప్తవు?”

జరీభాయ్‌ని చాలా ఏళ్ల కిందట నేనే అడిగాను, ఊంధియు భోజనం నాటి పాఠం గుర్తుండి కూడా కావాలనే వేశావా అని. “కెప్టెన్ ఏ భాషలో అన్నాడో చూసుకోవడానికి నాకు తీరికెక్కడిది? బంతి నా చేతిలో ఉంది,” అన్నాడు. అంతకంటే మంచి సాక్ష్యం ఇక దొరకదు. కథ సగం నిజమని, ఏ సగమో తేలలేదని మనవరాలికి చెప్పాను. ఆమె దాన్ని ‘హా’ అనే తీసుకుంది. పదిహేను టీషర్టులకు అప్పటికప్పుడే ఆర్డర్ పెట్టింది. ఒకటి నాకు కూడా అంది, నా కొలత అడిగింది. నేను వద్దనలేదు. ఎనభై దాటిన మనిషితో కాలం ప్రతి పొద్దునా ఆ ఒక్క మాటే అంటుంది. ఇన్నేళ్లుగా సూరత్‌లో ఉంటున్నాను కనక, నేను దాన్ని గుజరాతీలో వింటున్నాను.